ఆబ్జెక్టుకు ఊపిరి పోసిన నార్వే పెద్దాయన

జాబ్రియాలో మా ఫ్లాట్‌కి దారి చెప్పాలంటే బ్లాకు, వీధి, బిల్డింగు నంబర్లు చెప్తే చాలదండీ. అవే నంబర్లు సాల్మియాలోనూ దొరుకుతాయి! ముందు జాబ్రియా అనాలి. ఆఫీసులో ఇద్దరు శ్రీనివాసరావులుంటే ఇంటిపేరే కదా దిక్కు... ప్రోగ్రాముల్లో ఆ ఇంటిపేరునే నేమ్‌స్పేస్ అంటాం. దాన్ని తేలిగ్గా తీసుకుని దెబ్బ తిన్నాకే నేను క్రిస్టెన్ నీగార్డ్ గారి జీవితం చదివాను. మనలో చాలామందికి అన్నం పెడుతున్న క్లాసులు, ఆబ్జెక్టులు ఆయన, ఓలె-యోహాన్ డాల్ గారు కలిసి కనిపెట్టినవే.

నీగార్డ్ 1926 ఆగస్టు 27న ఓస్లోలో పుట్టారు. లెక్కల మనిషి. 1948లో నార్వే రక్షణ పరిశోధన సంస్థలో చేరి, ఆ దేశపు మొదటి అణు రియాక్టరు లెక్కల్లో పనిచేశారు. 1960లో నార్వే కంప్యూటింగ్ సెంటర్‌కి మారారు. అక్కడ డాల్‌తో కలిసి సిమ్యులా భాష తయారు చేశారు.

టోల్ వంతెన దగ్గర లారీలు, బస్సులు వరుసలో నిలబడ్డాయనుకోండి. బండి వేరైనా వరుసలో నిలబడే పద్ధతి ఒక్కటే. దాన్ని రెండుసార్లు రాయడం దేనికి? ఆ ఉమ్మడి భాగాన్ని ఒక క్లాసుగా చేసి, దాని పేరు మిగతా క్లాసుల ముందు తగిలించారు. మనం ఇన్‌హెరిటెన్స్ అనేది అదే. 1967 నాటి సిమ్యులాలో ఇంకో చమత్కారం ఉంది. సిమ్యులేషన్ అనే పెద్ద క్లాసు లోపల ప్రాసెస్ లాంటి చిన్న క్లాసులుంటాయి. మన బ్లాకు ముందు సిమ్యులేషన్ అని రాస్తే చాలు, లోపలి పేర్లన్నీ మనకి అందుతాయి. ఆబ్జెక్టు లోపలి విలువ కావాలంటే చుక్క పెట్టి అడగడమే. సి ప్లస్ ప్లస్‌లోకి నేమ్‌స్పేస్ అనే మాట 1990లలో గానీ రాలేదు!

అన్నట్టు, నీగార్డ్ కంప్యూటరు గదికే అంటిపెట్టుకున్న మనిషి కాదు. 1970ల మొదట్లో ఇనుము, లోహ కార్మికుల యూనియన్‌తో కలిసి పనిచేశారు. యంత్రం ముందు కూర్చునేవాడికి దాని తయారీలో మాట ఉండాలని ఆయన పట్టుదల. ఇది చదివినప్పుడు నాకు మా నర్సమ్మ గారు గుర్తొచ్చారు.

ఓ క్లినిక్ సాఫ్ట్‌వేరులో ల్యాబ్ నేమ్‌స్పేస్‌లో కన్వర్టర్ అనే క్లాసు ఉండేది. పైన యూజింగ్ ల్యాబ్ అని ఒక లైను రాసి వాడుకునేవాళ్ళం. ఇండియాకి పంపే రిపోర్టుల్లో షుగరు మిల్లీగ్రాముల్లో కావాలన్నారని, నేనే మా రిపోర్ట్స్ నేమ్‌స్పేస్‌లో అదే పేరుతో ఇంకో క్లాసు పెట్టాను. లోపలి ఫంక్షన్ పేరూ ఒకటే (బద్ధకం, ఇంకేముంది). రెండూ యూజింగ్‌తో వచ్చి ఉంటే కంపైలరు తేల్చుకోమని ఆపేసేది. కానీ సీ షార్ప్‌కి సొంతింటి పేరే ముందు, పిలిపించుకున్న చుట్టం వెనకే. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు! 6 మిల్లీమోల్ అని రావలసిన చోట 108 మిల్లీమోల్ అని పడింది. టెస్టింగులో మాతో కూర్చున్న మలయాళీ నర్సమ్మ గారు చూసీ చూడగానే, ఈ రోగి బతికే ఉన్నాడా అని అడిగారు. రిపోర్టులు బయటికి పోకముందే దొరికింది గనక సరిపోయింది. ఆ రాత్రే ల్యాబ్ చుక్క కన్వర్టర్ అని ఇంటిపేరుతో సహా రాసి, నా క్లాసుకి వేరే పేరు పెట్టాను. అంతకు ముందు వరకు ఆవిడని టెస్టింగుకి పిలవడం దండగని వాదించింది నేనే!

నీగార్డ్ మాత్రం వయసు మీదపడినా ఊరుకోలేదు. యూరోపియన్ యూనియన్‌లో చేరవద్దన్న ఉద్యమానికి నాయకత్వం వహించారు. 1994 ఓటింగులో నార్వే ప్రజలు వద్దనే తేల్చారు. 2001 ట్యూరింగ్ అవార్డు ఆయనకీ డాల్‌కీ కలిపి ఇచ్చారు. 2002 జూన్ 29న డాల్ పోయారు. ఆరు వారాలకి, ఆగస్టు 10న, నీగార్డ్ కూడా వెళ్ళిపోయారు.