ఎల్లాప్రగడ సుబ్బారావుగారు

గర్భిణులకును, బడిపిల్లలకును రక్తహీనత రాకుండ ఇనుముతో గూర్చి యిచ్చు ఫోలిక్ ఆమ్లపు మాత్రను మన పూతలపట్టు ప్రాంతమున నెఱుగని తల్లు లరుదు. ఆ మాత్ర వెనుక నొక తెలుగువాని దుఃఖమును, దీక్షయు నున్నవని యెఱిగినవారు కొలదిమందియే. కావున ఆ మహనీయుని చరిత్రమును సంగ్రహముగా వ్రాయుచున్నాము.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. చిన్నతనమున పేదఱికము ననుభవించిరి. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుమార్లు తప్పి, మూడవమారు కృతార్థులైరి. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించుటచే ఆచార్యుని యాగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా ఎల్.ఎం.ఎస్. మాత్రమే పొందిరి. ఆ కాలముననే స్ప్రూ యను గ్రహణివ్యాధి వారి యన్నదమ్ముల నిద్దఱిని కొలది దినముల యెడముతో బలిగొనెను. తామును దానివాత బడి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే బ్రతికి బయటపడిరి. ఆ రోగమునకు మందు కనుగొనవలెనను పట్టుదల వారిని విడువలేదు.

అమెరికాకేగి, బోస్టనునందలి యొక ఆసుపత్రిలో సేవకుని పనిచేసి పొట్టపోసికొనుచు, హార్వర్డు విశ్వవిద్యాలయమున పరిశోధన సాగించిరి. కండరములకు శక్తి నందించు ఏ.టి.పి. యను పదార్థమును గూర్చి ఫిస్కేగారితో గూడి 1929లో ప్రకటించిరి. 1940లో లెడర్లీ పరిశోధనాలయమున ప్రవేశించిరి. 1945లో వారి నాయకత్వమున అచటి పండితబృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను.

ఈ యామ్లము చేయు పని యేమి? మన యెముకల మూలుగలో మూలకణములు గలవు. వాని సంతతిలో కొన్ని ఎఱ్ఱకణములుగను, కొన్ని తెల్లకణములుగను, కొన్ని రక్తమును గడ్డకట్టించు ఫలకికలుగను పరిణమించును. ఎఱ్ఱకణము సుమారు 120 దినములే జీవించును. కావున మూలుగ విరామము లేక క్రొత్తవానిని పుట్టింపవలెను. కణము రెండగుటకు ముందు తన డి.ఎన్.ఏ.కు ప్రతి వ్రాసికొనవలెను. దానికి ఫోలిక్ ఆమ్ల మావశ్యకము. అది లేనిచో కణములు ఉబ్బి పెద్దవగునే గాని, సరిగా విభజింపబడి పక్వము కాజాలవు. స్ప్రూ రోగి ప్రేగు ఆహారమునుండి యీ యామ్లమును చాలినంత పీల్చుకొనలేదు. అందుచే రక్తము క్షీణించును. సోదరులను బలిగొన్న రోగపు మర్మ మిట్లు కొంత తేటపడెను.

రక్తపు కాన్సరునందు పక్వముకాని తెల్లకణములు అదుపులేక పెరుగును. ఫోలిక్ ఆమ్లమును పోలియుండి, దాని పనినే అడ్డగించు అమినోప్టెరిన్ అను మందును సుబ్బారావుగారి బృందము సిద్ధపఱచెను. బోస్టనులో సిడ్నీ ఫార్బరుగారు దానిని 16 మంది పిల్లలకిచ్చి, 10 మందికి గుణము కనబడెనని 1948లో ప్రకటించిరి. ఆ గుణము కొలదికాలమే నిలిచినను, మందుతో ఆ రోగమును వెనుకకు నెట్టవచ్చునని లోకమునకు తెలిసెను. ఆ జాతి మందే యైన మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది.

ఆ సంవత్సరము ఆగస్టు నెలలోనే, 53 ఏండ్ల వయస్సున, సుబ్బారావుగారు స్వదేశమును మరల చూడకయే నిద్రలో కన్నుమూసిరి. రక్తమును పుట్టించు మూలకణముల యునికిని టొరంటోలో టిల్, మెకల్లక్ గారలు ప్రయోగములచే చూపినది 1961లో; దానిని చూచు భాగ్యము వారికి లేకపోయెను.

పరీక్షలో తప్పి చిన్నబోయియున్న బాలబాలికలు ఈ చరిత్రమును మఱియొకమారు చదువుదురుగాక యని కోరుచున్నాము.