గిండీ హాస్టల్లో ఒకే ఒక్క అమ్మాయి

ప్లస్‌టూ అయిపోయి ఇంజనీరింగ్‌లో ఏ బ్రాంచి తీసుకోవాలన్న మాట వచ్చినప్పుడు, ఎలక్ట్రికల్ అనగానే ఆడపిల్లల తల్లిదండ్రులు కాస్త వెనక్కి తగ్గడం ఏటా చూస్తుంటాను. కరెంటు స్తంభాలు, హైటెన్షన్ తీగలు, ఊరి చివరి సబ్‌స్టేషన్లు వాళ్ళ కళ్ళ ముందు కదులుతాయి. అలాంటప్పుడు నాకు ఎనభై ఏళ్ళ కిందట చెన్నైలో ఆ చదువే చదివిన ఒక తెలుగింటి ఆడపడుచు గుర్తుకొస్తారు. ఆమె పేరు అయ్యలసోమయాజుల లలిత. మన దేశంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్న తొలి మహిళ. ఎక్కడ చూసినా ఎ. లలిత అనే రాసి ఉంటుంది కాబట్టి, ఆమె మన భాష మనిషేనన్న సంగతి మన పిల్లల్లో చాలామందికి తెలియదు.

లలిత 1919 ఆగస్టు 27న మద్రాసులో ఒక మధ్యతరగతి తెలుగు కుటుంబంలో పుట్టారు. ఏడుగురు పిల్లల్లో ఐదో సంతానం. తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్. అంతటి చదువున్న ఇల్లు కదా, ఆడపిల్లలనూ పెద్ద చదువులు చదివించి ఉంటారని అనుకుంటాం. అలా జరగలేదు. మగపిల్లలు ఇంజనీర్లయ్యారు. ఆడపిల్లలకు ప్రాథమిక చదువు చెప్పించి పెళ్ళిళ్ళు చేశారు. లలితకూ 1934లో, పదిహేనో ఏట పెళ్ళి చేశారు. పెళ్ళయ్యాక కూడా ఎస్సెస్సెల్సీ దాకా చదువు మాన్పించకపోవడమే ఆ రోజుల్లో విశేషం. సుబ్బారావు గారిని ఇక్కడ తప్పుపట్టాలని కాదు. ప్రొఫెసరు గారింట్లో కూడా అదే ఆచారం నడిచేదని చెప్పడానికే ఈ మాట.

1937లో లలితకు ఆడపిల్ల పుట్టింది. ఆ తర్వాత నాలుగు నెలలకే భర్త చనిపోయారు. అప్పటికి ఆమెకు పద్దెనిమిదేళ్ళు. కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించి అప్పటికి యాభై ఏళ్ళు దాటింది. అయినా పరువు గల కుటుంబాల్లో చిన్న వయసు వితంతువుకు మిగిలేది ఇంట్లో ఓ మూల, వంటిల్లు, నలుగురి జాలి చూపులు. లలిత చంటిబిడ్డతో పుట్టింటికి వచ్చేశారు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. చదువుకుని, ఉద్యోగం చేసి బిడ్డను పెంచుకోవాలని నిర్ణయించుకున్నారు.

ముందు మద్రాసు క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివి ఫస్టు క్లాసులో పాసయ్యారు. తర్వాత ఏమిటన్నది ప్రశ్న. అప్పట్లో ఆడవాళ్ళు వృత్తి విద్యలోకి వెళ్ళాలంటే ముందుగా తోచేది వైద్యమే. లలిత దాని గురించి ఆలోచించి వద్దనుకున్నారు. డాక్టరయితే అర్ధరాత్రి పిలుపొచ్చినా బిడ్డను వదిలి పరుగెత్తాలి. పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరే పని కావాలి ఆమెకు. తండ్రి, అన్నదమ్ములు ఉన్న వృత్తి ఎలాగూ కళ్ళ ముందే ఉంది. అలా ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ వైపు మొగ్గారు. ఆడపిల్లకు పనికిరాదని ఇవాళ మనం జంకే బ్రాంచిని, పసిబిడ్డ తల్లికి అదే అనువైనదని ఆమె ఎంచుకున్నారన్న మాట.

గిండీ కాలేజీ సామాన్యమైన చోటు కాదు. 1794లో సర్వే స్కూలుగా మొదలైంది. మన దేశంలో సాంకేతిక విద్య చెప్పే సంస్థల్లో అతి పాతది. కానీ అన్నేళ్ళలో ఒక్క ఆడపిల్లా అక్కడ చదవలేదు. సుబ్బారావు గారు ప్రిన్సిపాల్ కె.సి. చాకో గారితో మాట్లాడారు. ప్రజావిద్యా శాఖ డైరెక్టర్ ఆర్.ఎం. స్టాథమ్ అనుమతి కూడా కావలసి వచ్చింది. ఇద్దరూ కాదనలేదు. 1940లో లలిత ఎలక్ట్రికల్ తరగతిలో కూర్చున్నారు.

తోటి విద్యార్థులు ఆమెను ఇబ్బంది పెట్టలేదు. కష్టం వేరే చోట వచ్చింది. హాస్టల్లో ఆమె ఒక్కరే. బిడ్డను కుటుంబ సభ్యులు చూసుకుంటున్నారు. క్లాసు అయిపోయాక సందేహం అడగడానికి, కలిసి భోంచేయడానికి, ఇంటి బెంగ చెప్పుకోవడానికి మరో అమ్మాయి లేదు. ఆమె ఒంటరితనం తండ్రి గమనించారు. మానుకుని ఇంటికి వచ్చేయమని అనలేదు. కాలేజీలో ఆడపిల్లలకూ ప్రవేశం ఉందని పత్రికల్లో ప్రకటన ఇవ్వాలని అధికారులను ఒప్పించారు. లలిత జీవితంలో నన్ను అన్నింటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసే ఘట్టం ఇదే. చేర్చడంతో తండ్రి బాధ్యత తీరిపోయిందని ఆయన అనుకోలేదు. పాతిక మంది మగపిల్లల మధ్య ఒకే ఆడపిల్ల ఉండే సెక్షన్లు మన బడుల్లోనూ ఉంటాయి. ఆ పిల్ల మార్కులు చూస్తాం కానీ పక్కన ఎవరు కూర్చుంటున్నారో ఎంతమందిమి చూస్తాం?

ప్రకటన ఫలించింది. మరుసటి ఏడాది పి.కె. త్రేసియా, లీలమ్మ జార్జ్ సివిల్ ఇంజనీరింగ్‌లో చేరారు. ఇద్దరూ మలయాళీలు. యుద్ధం రోజులు కావడంతో కోర్సును కొన్ని నెలలు కుదించారు. అలా ముగ్గురూ 1943లోనే చదువు పూర్తిచేశారు. మద్రాసు విశ్వవిద్యాలయం వారి పట్టా కాగితాల మీద విద్యార్థిని సూచించే చోట ఇంగ్లీషులో హీ అని ముందే అచ్చువేసి ఉండేది. ఆడపిల్ల వస్తుందని ఎవరూ అనుకోలేదు మరి. ఆ మాట కొట్టేసి పైన షీ అని రాసి ఇచ్చారు. త్రేసియా తర్వాతి కాలంలో కేరళ పబ్లిక్ వర్క్స్ శాఖకు చీఫ్ ఇంజనీరయ్యారు. దేశంలో ఆ పదవి చేపట్టిన తొలి మహిళ ఆమే.

లలిత బీహార్‌లోని జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఏడాది అప్రెంటిస్‌గా పనిచేశారు. తర్వాత సిమ్లాలో సెంట్రల్ స్టాండర్డ్స్ ఆర్గనైజేషన్‌లో ఇంజనీరింగ్ అసిస్టెంట్‌గా చేరారు. అక్కడ సోదరుడి కుటుంబం ఉండడంతో బిడ్డను దగ్గర ఉంచుకునే వీలు కుదిరింది. ఉద్యోగం చేస్తూనే లండన్‌లోని ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎలక్ట్రికల్ ఇంజనీర్స్ పరీక్ష రాశారు. ఆ తర్వాత కొన్ని నెలలు తండ్రి పరిశోధనలకు సాయం చేశారు. సుబ్బారావు గారు కరెంటుతో పలికే ఒక వాద్యం, పొగరాని పొయ్యి వంటివి తయారు చేస్తుండేవారు. పని బాగానే ఉంది, కానీ ఇల్లు గడవాలి. 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ అనే బ్రిటిష్ కంపెనీలో చేరి, సుమారు మూడు దశాబ్దాలు అక్కడే ఉన్నారు.

అక్కడ ఆమె పని డిజైన్. విద్యుత్ కేంద్రంలో పుట్టిన కరెంటు మన ఇంటికి రావడానికి వందల కిలోమీటర్లు ప్రయాణం చేస్తుంది. ఆ దారిలో వేసే ప్రసార లైన్లు ఎలా ఉండాలి, సబ్‌స్టేషన్‌లో ట్రాన్స్‌ఫార్మర్లు, స్విచ్చులు ఏ వరసలో అమర్చాలి అన్నది ముందే కాగితం మీద లెక్కతో తేలాలి. ఇంకోటి రక్షణ పరికరాలు. లైను మీద చెట్టుకొమ్మ పడినా, పిడుగు పడినా క్షణంలో ఆ ముక్కను మాత్రం వేరుచేసి మిగతా ఊళ్ళకు కరెంటు ఆగకుండా చూసేవి అవి. మనింట్లో ఫ్యూజు పోతే వీధంతా చీకటి కాకపోవడానికి కారణం చెబితే పిల్లలకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. సట్లెజ్ నది మీద కట్టిన భాక్రానంగల్ ప్రాజెక్టు విద్యుత్ పనుల్లో కూడా లలిత చేయి ఉంది. తలపై హెల్మెట్‌తో స్తంభాలెక్కడం ఆ చదువులో ఒక్క పాయ మాత్రమేనని తల్లిదండ్రులకు చెప్పేటప్పుడు నేను ఈ పనులనే ఉదాహరణగా చూపిస్తాను.

1953లో లండన్ సంస్థ ఆమెను అసోసియేట్ సభ్యురాలిగా, 1966లో పూర్తి సభ్యురాలిగా ఎన్నుకుంది. 1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సదస్సు జరిగితే ఆహ్వానం అందుకుని వెళ్ళారు. అప్పటికి మన దేశంలో అలాంటి సంఘం ఏదీ లేదు కనుక వ్యక్తిగత హోదాలోనే హాజరయ్యారు. మళ్ళీ ఒంటరిగానే! మరుసటి ఏడాది లండన్‌లోని ఉమెన్స్ ఇంజనీరింగ్ సొసైటీలో చేరారు. 1967లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో రెండో సదస్సు జరిగినప్పుడు దానికి భారత ప్రతినిధిగా ఉంటూ, ఇక్కడి మహిళా ఇంజనీర్లను వెతికి కూడగట్టే పని తలకెత్తుకున్నారు. గిండీలో తండ్రి తన కోసం వేయించిన ప్రకటన ఆమెకు గుర్తుండే ఉంటుంది.

1977లో లలిత ఉద్యోగ విరమణ చేశారు. రెండేళ్ళ తర్వాత, 1979 అక్టోబరు 12న, అరవయ్యో ఏట కన్నుమూశారు.