దిక్సూచి దోషాన్ని కనుగొన్న నావికుడు మాథ్యూ ఫ్లిండర్స్

మన భాషలో దిక్కు అనే పదానికి రెండర్థాలున్నాయి. తూర్పు పడమరలు దిక్కులే. ఆపదలో ఆదుకొనేవాడూ దిక్కే. అందువల్లనే ఏ ఆధారమూ లేనివానిని దిక్కులేనివాడు అంటాము. ఈ రెండర్థాలూ ఒకటిగా కలిసిపోయే చోటు నడిసముద్రం. అక్కడ దిక్కు తెలిపే పరికరమే నావికునికి దిక్కు. ఆ పరికరమే తప్పు చూపుతుంటే ఏమి చేయాలన్న ప్రశ్నకు శాస్త్రీయమైన సమాధానం వెదకిన మహనీయుడు మాథ్యూ ఫ్లిండర్స్. ఆస్ట్రేలియా ఖండాన్ని చుట్టివచ్చిన నావికునిగా ఆయన లోకప్రసిద్ధుడు. దిక్సూచి విషయంలో ఆయన చేసిన కృషి మాత్రం అంతగా ప్రచారం పొందలేదు. విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు ఆ కృషిని పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఫ్లిండర్స్ 1774 మార్చి 16న ఇంగ్లండులోని లింకన్‌షైర్‌లో డానింగ్టన్ అనే చిన్న ఊరిలో జన్మించారు. తండ్రి శస్త్రవైద్యుడు. కుమారుడు కూడా వైద్యవృత్తినే చేపట్టాలని ఆయన ఆశించారు. కాని బాల్యంలో చదివిన రాబిన్సన్ క్రూసో కథ ఆ బాలుని మనస్సును సముద్రం వైపు మళ్లించింది. రేఖాగణితాన్ని, నౌకాయానానికి అవసరమైన లెక్కలను సొంతంగా అభ్యసించి, 1789లో పదిహేనేళ్ల వయస్సులో నౌకాదళంలో చేరారు. 1791లో కెప్టెన్ బ్లై నాయకత్వాన పసిఫిక్ సముద్రయానం చేసి, పటాలు గీయడంలో నేర్పు సంపాదించారు. 1795లో ఆస్ట్రేలియా తీరం చేరిన తరువాత జార్జి బాస్ అనే వైద్యమిత్రునితో కలిసి చిన్న పడవలలో ఆ తీరాన్ని పరిశీలించారు. 1798-99లో వీరిద్దరూ టాస్మేనియాను చుట్టివచ్చి, అది ప్రధాన భూభాగంతో కలిసిలేని ద్వీపమని నిరూపించారు. మధ్యనున్న జలసంధికి బాస్ పేరే స్థిరపడింది.

ఈ యాత్రల ఫలితంగా బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు ఇన్వెస్టిగేటర్ అనే నౌకనప్పగించింది. 1801 ఏప్రిల్‌లో ఆయనకు ఆన్ చాపెల్‌తో వివాహమైంది. భార్యను వెంట తీసుకువెళ్లాలని ఆయన తలచినా పై అధికారులు అంగీకరించలేదు. జూలైలో ఓడ బయలుదేరింది. ఆ దంపతులు మళ్లీ కలుసుకొనడానికి తొమ్మిదేళ్లు పట్టింది.

1801 డిసెంబరులో ఆస్ట్రేలియా నైరుతి మూలను చేరి, దక్షిణ తీరం వెంట తూర్పుగా సాగుతూ ఫ్లిండర్స్ పటం గీయసాగారు. తీరంలోని కొండకొమ్ము, దీవి, భూశిరం వంటి గుర్తులు ఏ దిక్కున ఎన్ని డిగ్రీలలో కనబడుతున్నవో దిక్సూచితో కొలిచి, ఆ రేఖలు కలిసిన చోట ఆ గుర్తును పటంలో నిలపడం ఆనాటి పద్ధతి. ఇందులో చిన్న పొరపాటు కూడా పెద్ద అనర్థానికి దారితీస్తుంది. దిక్సూచిలో నాలుగు డిగ్రీల దోషముంటే, అరవై మైళ్ల దూరం సాగేసరికి ఓడ అనుకొన్న దారికి నాలుగు మైళ్లకు పైగా పక్కకు తొలగిపోతుంది. చీకటిలో ఒక పగడపు దిబ్బకు గుద్దుకొనడానికి అంతకన్న చాలా తక్కువ దూరమే చాలు.

ఆయనకు ఒక విచిత్రం కనబడింది. అదే గుర్తును, దాదాపు అదే స్థలం నుండి చూచినా, ఓడ తూర్పుముఖంగా ఉన్నప్పుడు ఒక అంకె, పడమటి ముఖంగా ఉన్నప్పుడు మరొక అంకె వస్తున్నవి. ఉత్తరముఖంగానో దక్షిణముఖంగానో ఉన్నప్పుడు మాత్రం తేడా దాదాపు లేదు. ఓడలో దిక్సూచి తప్పుతుందని అంతకు పూర్వం మరికొందరు నావికులు కూడా గమనించారు. అయితే చాలామంది ఆ తేడాలను చూచేవాని పొరపాటుగానో, పరికరపు నాసితనంగానో భావించి వదిలివేశారు. ఫ్లిండర్స్ వదలలేదు. ప్రతి కొలతతోపాటు అప్పుడు ఓడ ముఖం ఏ దిక్కుగా ఉన్నదో కూడా వ్రాసిపెట్టుకొన్నారు. అలా పోగుచేసిన అంకెలను వరుసలో పెట్టి చూచినప్పుడు తేడాలలో ఒక క్రమం బయటపడింది.

దీనికి కారణం ఓడలోని ఇనుము. కొయ్య ఓడ అయినా దానిలో ఫిరంగులు, లంగర్లు, మేకులు, నిలువు కడ్డీలు ఎన్నో ఉంటాయి. భూమి ఒక మహా అయస్కాంతం. దాని క్షేత్రంలో నిలిచిన ఇనుప కడ్డీ తానే ఒక అయస్కాంతమై సూదిని తన వైపు లాగుతుంది. ఇనుములో ఎక్కువ భాగం దిక్సూచికి ముందువైపున ఉంటే ఆ లాగుడు ఓడ ముందుభాగం వైపుకే ఉంటుంది. ఓడ ఉత్తరముఖంగా ఉంటే లాగుడు కూడా సూది వెంబడే ఉంటుంది గనుక సూది తొలగదు. తూర్పుముఖంగా తిరిగితే లాగుడు సూదికి అడ్డంగా పడి గరిష్ఠమైన దోషం కలుగుతుంది. మధ్య దిక్కులలో దోషం ఆ కోణపు సైనును అనుసరించి మారుతుందని ఫ్లిండర్స్ సూత్రీకరించారు.

ఇంతకన్న సూక్ష్మమైన విషయం మరొకటి ఉన్నది. ఇంగ్లండు సమీపంలో సూది ఉత్తరపు కొన ఓడ ముందుభాగం వైపు ఆకర్షింపబడగా, ఆస్ట్రేలియా తీరంలో దక్షిణపు కొన ఆకర్షింపబడినది. భూఅయస్కాంత బలం సాధారణంగా నేలకు సమాంతరంగా ఉండక, ఉత్తరార్ధగోళంలో కిందికి, దక్షిణార్ధగోళంలో పైకి వాలి ఉంటుంది. ఈ వాలునే అవపాతమంటారు. భూమి గురుత్వాకర్షణ చూపే నిట్టనిలువు రేఖను ఆధారం చేసుకొనే ఈ కోణాన్ని కొలవాలి. అవపాతం తలక్రిందులైనప్పుడు నిలువు ఇనుములోని ధ్రువాలు కూడా తలక్రిందులవుతాయి. దోషం అవపాతాన్ని బట్టి పెరిగి తరుగుతుందని ఫ్లిండర్స్ తేల్చారు. ఈ నియమాన్ని తరువాతి గణితజ్ఞులు సవరించినా, దాని మూలభావం నిలిచింది. మన దక్షిణ భారతంలో తిరునెల్వేలి ప్రాంతం అవపాతం దాదాపు సున్నా అయిన రేఖకు సమీపాన ఉన్నది. స్వేచ్ఛగా వ్రేలాడదీసిన అయస్కాంత సూది అక్కడ ఇంచుమించు సమతలంగా నిలుస్తుంది. అట్టి చోట నిలువు ఇనుము వలన కలిగే దోషం కూడా అత్యల్పం.

ఇన్వెస్టిగేటర్ యాత్ర కష్టాలతో నిండినది. 1802 ఫిబ్రవరిలో ఎనిమిదిమంది సహచరులు పడవ మునిగి మరణించారు. అదే సంవత్సరం నవంబరులో ఓడ కొయ్య కుళ్లిపోయినట్లు తెలిసింది. అయినా ఖండ ప్రదక్షిణ పూర్తిచేసి 1803 జూన్‌లో సిడ్నీ చేరారు. ఆ ప్రదక్షిణలో బంగారీ అనే ఆస్ట్రేలియా ఆదివాసి ఆయనకు తోడుండి, తీరవాసులతో స్నేహం కుదర్చడంలో ఎంతో సాయపడ్డాడు. ట్రిమ్ అనే పెంపుడు పిల్లి కూడా ఫ్లిండర్స్ వెంట ప్రయాణించింది.

స్వదేశానికి తిరుగు ప్రయాణంలో, 1803 ఆగస్టులో ఆయన ఎక్కిన పోర్పస్ నౌక పగడపు దిబ్బకు తగిలి పగిలిపోయింది. ఒక చిన్న పడవలో సిడ్నీకి మరలివచ్చి, సహాయం తీసుకువెళ్లి, ఇసుకతిప్పపై చిక్కుకొన్నవారిని రక్షించారు. అనంతరం కంబర్లాండ్ అనే 29 టన్నుల చిన్న ఓడలో ఇంగ్లండు వైపు సాగారు. ఆ ఓడ కారుతుండటంతో డిసెంబరులో అప్పటి ఫ్రెంచి ద్వీపమైన మారిషస్‌లో ఆగవలసివచ్చింది. ఇంగ్లండుకు ఫ్రాన్సుకు మళ్లీ యుద్ధం మొదలైన సంగతి ఆయనకు తెలియదు. ఆయన వద్దనున్న అనుమతి పత్రం ఇన్వెస్టిగేటర్ పేరిట ఉన్నదేగాని కంబర్లాండ్ పేరిట లేదు. గవర్నరు డెకాన్ ఆయనను అనుమానించి నిర్బంధించారు. విడుదలకు పారిస్ నుండి ఉత్తర్వు వచ్చినా అమలు కాలేదు. ఆరున్నరేళ్లు ఆ ద్వీపంలోనే గడిచిపోయాయి. ట్రిమ్ కూడా అక్కడే కనబడకుండా పోయింది. ఆ పిల్లిని స్మరిస్తూ ఆయన వ్రాసిన చిన్న రచన నేటికీ చదువరుల అభిమానాన్ని పొందుతూనే ఉన్నది.

ఈ మారిషస్‌కే 1830ల తరువాత మన తెలుగు కుటుంబాలెన్నో చెరకుతోటల కూలికై వలసవెళ్లాయి. అక్కడ ఉగాది నేడు ప్రభుత్వ సెలవుదినం. స్వస్థలానికి దూరంగా స్థిరపడిన మనవంటివారికి ఆ ద్వీపం పరాయిదిగా తోచదు.

నిర్బంధం ఫ్లిండర్స్ పనిని ఆపలేకపోయింది. 1804లో ఆయన తన అంకెలన్నింటిని క్రోడీకరించి దిక్సూచి దోషాన్ని గురించి ఒక వ్యాసం వ్రాసి ఇంగ్లండుకు పంపగా, రాయల్ సొసైటీ దానిని 1805లో ప్రచురించింది. తాను బందీగా ఉండగానే తన శాస్త్రం సముద్రం దాటింది. 1810 జూన్‌లో విడుదలై, అక్టోబరులో భార్యను చేరుకొన్నారు.

1812లో నౌకాదళ అధికారుల ఆదేశంతో ఇంగ్లండు రేవులలో ప్రయోగాలు జరిగాయి. ఈ పద్ధతి సులభగ్రాహ్యం. లంగరు వేసిన ఓడను మెల్లగా చుట్టూ తిప్పుతారు. దిక్సూచి పలకపైనున్న ముప్పైరెండు దిశలలో ఒక్కొక్కదానికి ఓడను నిలిపి, దూరాన స్థిరంగా ఉన్న ఒక గుర్తును చూచి అంకె వ్రాసుకొంటారు. గుర్తు కదలలేదు గనుక అంకెలలో వచ్చే తేడా అంతా ఓడలోని ఇనుము చలవే. ఆ తేడాలను పట్టికగా వ్రాసి ఉంచుకొంటే, సముద్రంలో ఏ దిశగా సాగుతున్నా ఎంత సవరించుకోవాలో తెలుస్తుంది. అంతేకాక, దిక్సూచి సమీపంలో తగిన చోట ఒక నిలువు ఇనుప కడ్డీని నిలిపి, దాని లాగుడుతో ఓడ లాగుడును సరితూచవచ్చునని ఆయన సూచించారు. ఇనుప ఓడలు వచ్చిన తరువాత ఈ సమస్య మరింత జటిలమైంది. 1838లో జార్జి ఎయిరీ, అటుపిమ్మట లార్డ్ కెల్విన్ ఆ కృషిని ముందుకు తీసుకువెళ్లారు. నౌకల దిక్సూచి పక్కన నిలిపే ఆ కడ్డీని నేటికీ ఫ్లిండర్స్ కడ్డీ అనే పిలుస్తారు.

ఆయన యాత్రా గ్రంథం 1814 జూలై 18న వెలువడింది. మరునాడే, నలభైయేళ్ల వయస్సులో ఆయన కన్నుమూశారు. ఆ ఖండాన్ని ఆస్ట్రేలియా అని పిలవాలని ఆయన కోరినా, గ్రంథం పేరులో దానికి చోటు దక్కలేదు. కొన్నేళ్లకు ఆ పేరే స్థిరపడింది. ఆయన మనుమడే ప్రసిద్ధ పురాతత్వవేత్త ఫ్లిండర్స్ పెట్రీ. లండనులో ఆనవాలు లేకుండా పోయిన ఆయన సమాధి 2019లో రైలుమార్గపు తవ్వకాలలో బయటపడగా, 2024 జూలైలో ఆయన అవశేషాలను స్వగ్రామమైన డానింగ్టన్‌లో గౌరవంగా ఖననం చేశారు.

నేటి పిల్లల చేతికి అందే సెల్‌ఫోనులో అయస్కాంత క్షేత్రాన్ని, గురుత్వాన్ని మూడు దిశలలో కొలిచే సూక్ష్మ పరికరాలున్నాయి. క్రింది దిక్కు ఏదో గురుత్వం తెలుపుతుంది. ఉత్తరం ఏదో అయస్కాంతం తెలుపుతుంది. దిక్కు సరిగా చూపనప్పుడు ఫోనును గాలిలో ఎనిమిది అంకె ఆకారంలో తిప్పమంటారు. అన్ని వైపులకూ తిప్పినా భూమి అయస్కాంత బలం మారదు. మారినట్లు కనబడితే ఆ తేడా ఫోనులోని ఇనుము వలననో, పరికరపు లోపం వలననో వచ్చినదే. గురుత్వాన్ని కొలిచే పరికరాన్ని ఒక్కొక్క ముఖంపై కదలకుండా నిలిపినప్పుడు కూడా సుమారు 9.8 అనే ఒకే పరిమాణం రావాలి. ఓడను చుట్టూ తిప్పి దోషం కనుగొన్న ఫ్లిండర్స్ పద్ధతికి, దీనికి సూత్రంలో భేదం లేదు.

ఒకే దిక్కుగా నిలిచి చూచినంతకాలం దిక్సూచి దోషం ఫ్లిండర్స్‌కు కనబడలేదు. ఓడ అన్ని దిక్కులకు తిరిగినప్పుడే అది బయటపడింది. మన విద్యార్థులు ప్రయోగశాలలో వచ్చిన అంకె పుస్తకంలోని అంకెతో సరిపోలనప్పుడు దానిని చెరిపివేసి పుస్తకంలోనిది వ్రాయడానికి తొందరపడుతుంటారు. అలా చెరపవద్దని, ఆ తేడా ఏ పరిస్థితిలో వచ్చిందో పక్కనే వ్రాసుకొమ్మని ఉపాధ్యాయులు బోధించాలి. తల్లిదండ్రులు కూడా మార్కులతోపాటు ఆ ఓపికను మెచ్చుకోవాలి. డెబ్బయి అయిదేళ్లుగా పరభాషా ప్రాంతంలో మాతృభాషలో శాస్త్రం బోధిస్తున్న ఈ పాఠశాల తన పిల్లలకు అందించవలసిన శిక్షణ అదేనని నా విశ్వాసం.