బెంగుళూరు నాగరత్నమ్మ

తంజావూరుకు సమీపాన కావేరీ తీరంలో తిరువయ్యారు అనే ఊరు ఉంది. ఏటా పుష్య బహుళ పంచమి నాడు దేశం నలుమూలల నుండి సంగీత విద్వాంసులు అక్కడికి చేరుకుంటారు. స్త్రీలు, పురుషులు త్యాగరాజస్వామి సమాధి ఎదుట కూర్చుని పంచరత్న కీర్తనలను ముక్తకంఠంతో గానం చేస్తారు. ఈ ఐదింటిలో మొదటిది సంస్కృతంలో ఉంది. తక్కిన నాలుగూ తెలుగు కీర్తనలే. ఈ ఉత్సవాన్ని త్యాగరాజ ఆరాధన అంటారు. ఆ సమాధికి మందిరం కట్టించిన వనిత బెంగుళూరు నాగరత్నమ్మ.

నాగరత్నమ్మ 1878లో మైసూరు సీమలోని నంజనగూడులో దేవదాసీ కుటుంబంలో జన్మించింది. తల్లి పుట్టలక్ష్మి ఆమెకు శ్రద్ధగా చదువు చెప్పించింది. చిన్ననాటనే ఆమె కన్నడ, తెలుగు, సంస్కృత భాషలను, సంగీత నాట్యాలను అభ్యసించింది. తరువాత మద్రాసులో స్థిరపడి, గొప్ప గాయనిగా పేరు, ధనం సంపాదించింది. తెలుగు సాహిత్యమన్నా ఆమెకు ఎంతో మక్కువ. ముద్దుపళని కావ్యం 'రాధికా సాంత్వనము'ను పరిష్కరించి 1910లో ప్రకటించింది. ఆనాటి ప్రభుత్వం ఆ గ్రంథాన్ని నిషేధించింది. చాలా ఏళ్ళకు గాని ఆ నిషేధం తొలగలేదు.

త్యాగరాజస్వామి 1847లో తిరువయ్యారులో సిద్ధిపొందారు. కాలక్రమంలో ఆయన సమాధి ఆలనాపాలనా లేక పాడుబడింది. మైసూరు విద్వాంసుడు బిడారం కృష్ణప్ప ఆ దుస్థితిని నాగరత్నమ్మకు తెలియజేశాడు. ఆమె మనసు కలత చెందింది. 1921లో అక్కడి స్థలాన్ని సంపాదించి మందిర నిర్మాణం ప్రారంభించింది. అందుకోసం తన నగలను సైతం అమ్మివేసింది. కొన్ని సంవత్సరాలకు మందిరం పూర్తయింది.

కాని ఆరాధన నాడు అక్కడ పాడే అవకాశం స్త్రీలకు లేదు. ఉత్సవం జరిపే విద్వాంసులు రెండు పక్షాలుగా చీలి ఉన్నా, ఈ ఒక్క విషయంలో వారిది ఒకే మాట. గుడి కట్టించిన నాగరత్నమ్మకు కూడా ఆ గుడి ముందు పాడే హక్కు లేకపోయింది. అయినా ఆమె అలిగి వెళ్ళిపోలేదు. 1927లో స్త్రీలను కూడగట్టి మరొక ఆరాధన ప్రారంభించింది. మందిరం వెనుక భాగంలో వారు గానం చేసేవారు. ఏళ్ళ తరబడి ఆమె పట్టు విడువలేదు. చివరకు 1940 - 41 ప్రాంతంలో పక్షాలన్నీ ఏకమయ్యాయి. నాటి నుండి స్త్రీలు పురుషులతో పాటు ఆరాధనలో పాల్గొంటున్నారు.

నాగరత్నమ్మ జీవిత చరమదశను తిరువయ్యారులోనే గడిపింది. తన ఆస్తిని స్వామి సేవకే అర్పించింది. ఆ మందిరంలో స్త్రీలు పూజించే హక్కు, పాడే హక్కు ఎన్నటికీ నిలిచి ఉండాలని వీలునామాలో నిర్దేశించింది. 1952లో ఆమె కన్నుమూసింది. త్యాగరాజస్వామి సన్నిధికి ఎదురుగా చేతులు జోడించి ఉన్న ఆమె విగ్రహాన్ని నేటికీ చూడవచ్చు.

కన్నడ దేశంలో పుట్టి, తమిళ దేశంలో స్థిరపడి, తెలుగు కీర్తనకు జీవితాన్ని అంకితం చేసిన ధన్యురాలు నాగరత్నమ్మ.