హైదరాబాద్ పేరుతో ఎగిరిన యుద్ధ విమానాలు.. ఒకటి లండన్ మ్యూజియంలో, ఇంకోటి ఇప్పటికీ గాల్లోనే! ఏడో నిజాం జీవితంలో తెలియని కోణం

హైదరాబాద్: నయాపూల్ మీద రోజూ వేల మంది అటూ ఇటూ తిరుగుతుంటారు. ట్రాఫిక్‌లో బండి ఆగినప్పుడు ఓసారి మూసీ వైపు చూడండి. ఒక ఒడ్డున ఉస్మానియా ఆస్పత్రి గుమ్మటాలు కనిపిస్తాయి. అవతలి ఒడ్డున ఎర్రరాయి హైకోర్టు. రెండూ ఒకే పాలకుడి కాలంలో కట్టినవి. ఆయనే ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్.

ఇది హైదరాబాదీలకు కొత్త సంగతేం కాదు. కానీ ఆయన ఇచ్చిన డబ్బుతో ఒకప్పుడు ఫ్రాన్స్, జర్మనీల మీద హైదరాబాద్ పేరు రాసిన విమానాలు ఎగిరాయని ఎంతమందికి తెలుసు? వాటిలో ఒకటి ఇప్పటికీ లండన్‌లో ఉంది. హైదరాబాద్ పేరు పెట్టుకున్న మరో దళంలో పనిచేసిన ఫైటర్ విమానమైతే మళ్లీ రెక్కలు కట్టుకుని ఎయిర్ షోల్లో ఎగురుతోంది. ఆ కథేంటో చూద్దాం.

పురానీ హవేలీలో పుట్టి..

నయాపూల్ దాటి కాస్త లోపలికి వెళ్తే పురానీ హవేలీ వస్తుంది. 1886 ఏప్రిల్‌లో ఉస్మాన్ అలీ ఖాన్ పుట్టింది అక్కడే. తండ్రి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. కొడుక్కి 22 ఏళ్లున్నప్పుడు, 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. వేల మంది చనిపోయారు. వంతెనలు దెబ్బతిన్నాయి. ఇప్పటి నయాపూల్ ఉన్నచోటి అఫ్జల్ వంతెనకూ ఆ దెబ్బ తప్పలేదు. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆస్పత్రి దగ్గర ఇప్పటికీ ఉంది.

1911 ఆగస్టులో తండ్రి కన్నుమూయడంతో 25 ఏళ్లకే ఉస్మాన్ అలీ గద్దెనెక్కారు. వరద మిగిల్చిన నగరం చేతికొచ్చింది. మరుసటి ఏడాదే సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన సలహాలతో మూసీకి, ఈసీకి అడ్డంగా రెండు చెరువులు కట్టారు. అవే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. మూసీ ఒడ్డున కొత్త హైకోర్టు, కొత్త ఆస్పత్రి లేచాయి. రెండింటికీ విన్సెంట్ ఎష్ అనే ఆర్కిటెక్ట్ డిజైన్ ఇచ్చారు.

1918.. ఒకే ఏడాది రెండు పనులు

నిజాం జీవితంలో 1918 చాలా పెద్ద ఏడాది. ఉర్దూ మాధ్యమంలో ఉన్నత చదువు చెప్పే ఉస్మానియా యూనివర్సిటీ మొదలైంది అప్పుడే. అదే ఏడాది, మొదటి ప్రపంచ యుద్ధం చివరి నెలల్లో, నిజాం కానుకగా ఇచ్చిన విమానాలతో బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్స్‌కు చెందిన 110వ స్క్వాడ్రన్ ఫ్రాన్స్ వెళ్లింది.

అవి డీహెచ్-9ఏ రకం బాంబర్లు. చెక్క చట్రం, దాని మీద గుడ్డ కప్పిన రెక్కలు, ముందు 400 హార్స్‌పవర్ లిబర్టీ ఇంజిన్. ఇద్దరే కూర్చోవాలి. ముందు పైలట్, వెనక మెషిన్‌గన్ పట్టుకున్న అబ్జర్వర్. పైన కప్పు కూడా ఉండదు. ప్రతి విమానం మీద అది నిజాం కానుక అని రాశారు. అలా ఆ దళానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అనే పేరు వచ్చింది. దాని చిహ్నంలో పులి బొమ్మ కూడా చేరింది.

సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా ఆ దళం పగటిపూట జర్మనీ లోపలికి వెళ్లి బాంబులు వేసి వచ్చేది. నష్టం కూడా అదే స్థాయిలో జరిగింది. 17 విమానాలు తిరిగి రాలేదు. ఇంకా ఎన్నో ప్రమాదాల్లో విరిగాయి. వాటిలో చనిపోయిన కుర్రాళ్లలో ఎవరూ చార్మినార్ చూసి ఉండరు. కానీ వాళ్ల విమానం మీద మాత్రం మన ఊరి పేరు ఉంది.

దీనికి ప్రతిఫలంగా నిజాంకు దక్కినవి బిరుదులు. మిగతా సంస్థానాధీశులెవరికీ లేని ఎగ్జాల్టెడ్ హైనెస్ అనే హోదా, బ్రిటిష్ ప్రభుత్వానికి నమ్మకమైన మిత్రుడు అనే బిరుదు ఇచ్చారు. కానీ ఆయన మనసులో ఉన్న అసలు కోరిక వేరు. బ్రిటిష్ వాళ్ల చేతికి పోయిన బేరార్ ప్రాంతాన్ని తిరిగి తెచ్చుకోవాలని. అది చివరిదాకా తీరలేదు.

ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. సంస్థానం ఖజానాలో పెద్ద వాటా భూమి శిస్తుదే. ఆ శిస్తు కట్టింది తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ జిల్లాల రైతులు. జాగీర్దార్లు, దేశ్‌ముఖ్‌ల కింద వెట్టిచాకిరీ చేసింది కూడా వాళ్ల ఊళ్ల జనమే. వాళ్లలో చాలామంది అప్పటికి విమానాన్ని చూసి కూడా ఉండరు.

శత్రువు చేతికి చిక్కి.. బతికి బయటపడింది

1918 అక్టోబర్ 5న దాడికి వెళ్లిన హైదరాబాద్ స్క్వాడ్రన్ విమానాల్లో ఒకటి జర్మన్ భూభాగంలో దిగిపోయింది. దాని నంబర్ ఎఫ్-1010. అందులోని ఇద్దరూ యుద్ధఖైదీలయ్యారు. విమానాన్ని జర్మన్లు తీసుకుపోయారు. తర్వాత అది బెర్లిన్ విమాన మ్యూజియంలోకి చేరింది. రెండో ప్రపంచ యుద్ధంలో బెర్లిన్ మీద బాంబులు పడుతుంటే మ్యూజియం వస్తువులు కొన్నింటిని పోలండ్ వైపు తరలించారు. ఈ విమానం అక్కడే ఉండిపోయింది.

1977లో రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం దాన్ని ఇంటికి తెచ్చుకుంది. ఊరికే రాలేదు. బదులుగా పోలండ్ మ్యూజియానికి ఒక స్పిట్‌ఫైర్ విమానం ఇవ్వాల్సి వచ్చింది. మరమ్మతుల తర్వాత ఎఫ్-1010 లండన్‌లోని హెండన్ మ్యూజియానికి చేరింది. పట్టుబడకపోయి ఉంటే మిగతా వాటిలాగే యుద్ధం అయ్యాక తుక్కు కింద పోయేదేమో. శత్రువు చేతికి చిక్కడమే దాన్ని కాపాడింది.

రెండో యుద్ధంలో మూడు హైదరాబాద్ దళాలు

రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి నిజాం పేరు ప్రపంచమంతా తెలుసు. 1937లో టైమ్ మ్యాగజైన్ ఆయన బొమ్మను కవర్ మీద వేసింది. లోకంలోనే అత్యంత ధనవంతుడని రాసింది. జేకబ్ వజ్రాన్ని కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకునేవారన్న కథ మీరూ వినే ఉంటారు. అదే మనిషి పాత బట్టలతో, తక్కువ ఖర్చుతో రోజులు గడిపేవారని పేరు.

ఈసారి బ్రిటిష్ ఎయిర్‌ఫోర్స్‌లో 110, 152, 253.. మూడు దళాలకు హైదరాబాద్ పేరు ఉంది. 110వ దళానికి చెందిన బ్లెన్‌హైమ్ బాంబర్లు 1939 సెప్టెంబర్ 4న జర్మన్ యుద్ధనౌకలపై జరిగిన మొదటి దాడిలో ఉన్నాయి. 152వ దళం స్పిట్‌ఫైర్లు నడిపింది. దాని చిహ్నం నిజాం తలపాగా. 253వ దళం హరికేన్ ఫైటర్లతో లండన్ దక్షిణాన కెన్లీ నుంచి పోరాడింది.

ఆ 253వ దళం హరికేన్లలో ఒకదాని నంబర్ పీ-3717. 1940 ఆగస్టు 30న పోలండ్ పైలట్ సమొలిన్‌స్కీ దాంతో ఒక జర్మన్ ఫైటర్‌ను కూల్చాడు. మరుసటి నెలలోనే ఆయన కూడా యుద్ధంలో ప్రాణాలు కోల్పోయాడు. విమానం మాత్రం మిగిలింది. ఏళ్ల తరబడి మరమ్మతు చేసి 2017లో దాన్ని మళ్లీ ఎగరేశారు. రెక్కల కింద అదే గుర్తు, ఒంటి మీద అదే 253వ దళం కోడ్ అక్షరాలు. ఇంగ్లండ్ ఎయిర్ షోల్లో జనం తలెత్తి చూసే విమానాల్లో అదీ ఒకటి.

పాత విమానాన్ని ఎగరేయడం అంటే మాటలు కాదు

ఇలాంటి విమానాలను నడపడం అక్కడ ఒక పెద్ద పని. ఇంజిన్ విడిభాగాలు బజార్లో దొరకవు. చాలావాటిని కొత్తగా చేయించుకోవాలి. కొన్ని గంటలు ఎగిరితే చాలు, మళ్లీ విప్పి చూడాలి. గాలి ఎక్కువున్నా, వాన పడినా బయటికి తీయరు. పైలట్‌కు లైసెన్స్ ఉంటే సరిపోదు, ఆ రకం విమానం మీద విడిగా శిక్షణ కావాలి. బ్రిటిష్ ఎయిర్‌ఫోర్స్ 1957 నుంచి ఇందుకోసం ప్రత్యేకంగా ఒక దళాన్నే నడుపుతోంది.

ప్రైవేటు వాళ్లకు ఖర్చు రావాలంటే దారి ఒకటే. షోలకు టికెట్లు, విరాళాలు, ఇంకా జాయ్ రైడ్లు. రెండు సీట్లుగా మార్చిన స్పిట్‌ఫైర్‌లో అరగంట తిరిగి రావాలంటే వేల పౌండ్లు కట్టాలి. అయినా బుక్ చేసుకునేవాళ్లున్నారు. పీ-3717 లాంటి ఒంటి సీటు విమానంలో ఆ అవకాశం లేదు. కింద నిలబడి చూడాల్సిందే.

సొంత ఆకాశం ఖాళీ

నిజాం రాజ్యంలోనూ విమానాలు లేకపోలేదు. 1930ల్లో బేగంపేటలో ఏరో క్లబ్ వచ్చింది, ఎయిర్‌పోర్టు వచ్చింది. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. డకోటా విమానాలు నడిపారు. ఆడపిల్ల విమానం నడపడమేంటని వేరే కంపెనీలు కాదన్న ప్రేమ్ మాథుర్‌కు పైలట్ ఉద్యోగం ఇచ్చింది ఈ హైదరాబాద్ కంపెనీయే. 1953లో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

కానీ యుద్ధ విమానం? ఒక్కటీ లేదు. 1947లో బ్రిటిష్ వాళ్లు వెళ్లిపోయారు. నమ్మకమైన మిత్రుడి బిరుదు కాగితం మీదే మిగిలింది. నిజాం అటు భారత్‌లో కలవలేదు. ఇటు ఊళ్లలో రజాకార్ల ఆగడాలను ఆపలేదు. ఒకవైపు రైతుల సాయుధ పోరాటం, మరోవైపు జనం ఊళ్లు వదిలి పారిపోవడం. 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి దొంగచాటుగా విమానాల్లో ఆయుధాలు తెచ్చి దించాడు.

సెప్టెంబర్ 13న భారత సైన్యం కదిలింది. పైన టెంపెస్ట్ విమానాలు వచ్చాయి. పరాయి యుద్ధాలకు విమాన దళాలను కానుకగా ఇచ్చిన రాజుకు, ఆ రోజు తన ఆకాశంలో అడ్డుకోవడానికి ఒక్క ఫైటర్ లేదు. ఐదు రోజుల్లో అంతా అయిపోయింది. సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయారు. 1949లో సర్దార్ పటేల్ హైదరాబాద్ వచ్చినప్పుడు బేగంపేట ఎయిర్‌పోర్టులో విమానం దగ్గరికెళ్లి చేతులు జోడించి స్వాగతం చెప్పారు. ఆ ఫొటో చూడని తెలుగువాళ్లు తక్కువ.

1950 నుంచి 1956 దాకా రాజ్‌ప్రముఖ్‌గా ఉన్నారు. ఆ తర్వాత కింగ్‌కోఠిలోనే గడిపారు. 1967 ఫిబ్రవరి 24న కన్నుమూశారు. ఆయన్ని సాగనంపడానికి హైదరాబాద్ వీధులు నిండిపోయాయి. ఇంటి ఎదురుగా ఉన్న జూదీ మసీదులో సమాధి చేశారు.

మనకు మిగిలింది ఏంటి?

ఇవాళ విమాన విన్యాసాలు చూడాలంటే మనకు బేగంపేటలో జరిగే వింగ్స్ ఇండియా ఉంది. మన ఎయిర్‌ఫోర్స్ కూడా టైగర్ మాత్, హార్వర్డ్, డకోటా లాంటి పాత విమానాలను ఎగరేస్తోంది. హైదరాబాద్ పేరుతో తిరిగిన విమానాలు చూడాలంటే మాత్రం ఇంగ్లండ్ వెళ్లాలి.

అది పెద్ద బాధేం కాదు. ఆ విమానాలు మన యుద్ధానివీ కావు. ఆలోచించాల్సింది ఇంకోటి. గుడ్డ, చెక్కతో చేసిన వందేళ్లనాటి బాంబర్ కోసం వాళ్లు ఒక స్పిట్‌ఫైర్ వదులుకున్నారు. 1940 నాటి హరికేన్‌ను బోల్టు బోల్టు విప్పి మళ్లీ ఎగరేశారు. మరి నయాపూల్ పక్కనే రాయీ సున్నంతో కట్టిన ఉస్మానియా ఆస్పత్రి? 2020 వానలకు వార్డుల్లోకి నీళ్లొస్తే పాత భవనం ఖాళీ చేశారు. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆస్పత్రికి శంకుస్థాపన జరిగింది. రాజేంద్రనగర్‌లో కొత్త హైకోర్టుకూ పునాది పడింది.

రోగులకు కొత్త ఆస్పత్రి కావాలి, అందులో అనుమానం లేదు. కానీ పాత విమానాలు నడిపేవాళ్లకు తెలిసిన ఒక విషయం పాత భవనాలకూ వర్తిస్తుంది. వాడుతూ, చూసుకుంటూ ఉంటేనే ఏదైనా నిలుస్తుంది. తాళం వేసి వదిలేస్తే పాడైపోవడానికి ఎన్నో ఏళ్లు పట్టదు. నిజాం విమానాల మీద రాయించుకున్న పేరు వేరే దేశం కాపాడుతోంది. మూసీ ఒడ్డున పేదల కోసం కట్టిన దాన్ని కాపాడుకోవాల్సింది మాత్రం మనమే.