విద్యాపీఠం నుండి ప్రజాక్షేత్రానికి: కట్టమంచి రామలింగారెడ్డి గారి జీవిత చరిత్ర

పాఠశాల భవనాన్ని కట్టేవారు మేస్త్రీలు. అందులో పాఠం చెప్పేవారు ఉపాధ్యాయులు. కాని ఆ పాఠశాల ఏ ఊరిలో వెలయాలి, దానికి ఎంత సొమ్ము కేటాయించాలి, అందులో ఎవరి బిడ్డలు చేరవచ్చు అనే విషయాలను నిర్ణయించేది మాత్రం ప్రజలు ఎన్నుకున్న ప్రతినిధులే. నూరు సంవత్సరాల క్రితమే ఈ సత్యాన్ని గ్రహించి, విద్యాశాఖలోని అత్యున్నత పదవిని విడిచి, ఓటర్ల ముందు నిలబడిన విద్యావేత్త సర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు. సాహిత్య విమర్శకులుగా, విశ్వవిద్యాలయ నిర్మాతగా ఆయన పేరు తెలియని తెలుగువారు అరుదు. ఎన్నికల రంగంలో ఆయన నడచిన దారి మాత్రం నేటి తరానికి అంతగా తెలియదు.

రామలింగారెడ్డి గారు 1880 డిసెంబరు 10వ తేదీన చిత్తూరు సమీపంలోని కట్టమంచి గ్రామంలో జన్మించారు. తండ్రి సుబ్రహ్మణ్యరెడ్డి గారు, తల్లి నారాయణమ్మ గారు. ఆనాటికి చిత్తూరు జిల్లా ఏర్పడలేదు. ఆ ప్రాంతం ఉత్తర ఆర్కాటు జిల్లాలో భాగంగా ఉండేది. ఉన్నత విద్యకై మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరిన ఆయన, విద్యార్థి దశలోనే ‘ముసలమ్మ మరణము’ అనే కావ్యాన్ని రచించారు. చెరువు కట్ట తెగిపోకుండా ఊరిని కాపాడటానికి ఆత్మార్పణ చేసిన అనంతపురం సీమ ఇల్లాలి కథ అది. రాజులను, దేవతలను విడిచి ఒక పల్లెటూరి కోడలిని కావ్యనాయికగా నిలిపిన ఆ యువకుని దృష్టి ఎటువైపు ఉన్నదో అప్పుడే తెలిసిపోయింది.

1902లో ప్రభుత్వ విద్యార్థి వేతనంతో ఇంగ్లాండు వెళ్ళి, కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలో చరిత్ర అభ్యసించి, ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు. ఆయన ఎన్నికల జీవితానికి నాంది పలికింది కూడా అక్కడే. వాదోపవాదాలకు ప్రసిద్ధి చెందిన కేంబ్రిడ్జి యూనియన్ అనే విద్యార్థి సంఘానికి ఆయన ఉపాధ్యక్షులుగా ఎన్నికయ్యారు. ఆ గౌరవం పొందిన మొదటి భారతీయుడు ఆయనే. పాలకుల దేశంలో, పాలకుల బిడ్డల ఓట్లతో, ఒక చిత్తూరు రైతుబిడ్డ గెలుపొందటం ఆ రోజులలో సామాన్య విషయం కాదు.

స్వదేశానికి తిరిగి వచ్చిన పిమ్మట కొంతకాలం బరోడా కళాశాలలో పనిచేసి, 1909లో మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యులుగా చేరారు. మైసూరు సంస్థానంతో ఆయనకు ఏర్పడిన అనుబంధం పన్నెండు సంవత్సరాలు కొనసాగింది. సంస్థానానికి స్వంత విశ్వవిద్యాలయం ఉండాలని సంకల్పించిన ప్రభుత్వం, విదేశాల విద్యా విధానాలను పరిశీలించే బాధ్యతను రామలింగారెడ్డి గారికి, థామస్ డెన్‌హామ్ గారికి అప్పగించింది. నాల్వడి కృష్ణరాజ ఒడయరు వారి పాలనలో, మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు దివానుగా ఉన్న కాలంలో, 1916 జూలైలో మైసూరు విశ్వవిద్యాలయం అవతరించింది. ఆ కృషిలో ఈ తెలుగు ఆచార్యునికి గణనీయమైన పాలు ఉన్నది.

1918లో ఆయన సంస్థాన విద్యాశాఖకు ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యారు. సంస్థానమంతటా ఉన్న పాఠశాలలపై అజమాయిషీ ఆ పదవిది. పంచములని పేరు పెట్టి దూరంగా ఉంచిన కుటుంబాల బిడ్డలకు ఆనాడు ప్రభుత్వ పాఠశాలలలో సైతం చోటు దొరకటం కష్టంగా ఉండేది. ప్రజల సొమ్ముతో నడిచే బడి ప్రజలందరి బిడ్డలదీ అనే సూత్రాన్ని పట్టుకొని, ఆ పిల్లలకు ప్రవేశం కల్పించటంలో రామలింగారెడ్డి గారు గట్టిగా నిలబడ్డారు. దీనిని సహించలేక తమ పిల్లలను బడి మాన్పించిన పెద్దలు కూడా లేకపోలేదు. ఉత్తరువు ఇచ్చినంత మాత్రాన తలుపు తెరచుకోదని, సమాజం మనసు కూడా మారాలని ఆయనకు అనుభవంలో తెలిసి వచ్చింది. బహుశా ఈ అనుభవమే ఆయనను ప్రజాక్షేత్రం వైపు నడిపించి ఉండవచ్చు.

అదే సమయంలో బ్రిటిష్ ఇండియాలో ఒక పెద్ద మార్పు వచ్చింది. 1919 నాటి చట్టం ప్రకారం రాష్ట్రాలలో ద్వంద్వ ప్రభుత్వం ఏర్పడింది. పోలీసు, రెవెన్యూ వంటి శాఖలు గవర్నరు చేతిలోనే ఉండిపోయినా, విద్య, స్థానిక స్వపరిపాలన వంటి శాఖలు శాసన మండలికి జవాబుదారీ వహించే భారతీయ మంత్రుల చేతికి వచ్చాయి. మద్రాసు శాసన మండలిలో 98 మంది ఎన్నికైన సభ్యులు ఉండేవారు. అయితే ఓటు అందరికీ లేదు. ఆస్తి ఉన్నవారికి, పన్ను కట్టేవారికి మాత్రమే ఆ హక్కు ఉండేది. స్త్రీలకు ఓటు హక్కు ఇవ్వటానికి 1921లో మద్రాసు శాసన మండలి అంగీకరించింది. అందులోనూ ఆస్తి నియమం యథాతథంగానే ఉండిపోయింది.

రామలింగారెడ్డి గారు 1921 ప్రాంతంలో మైసూరు కొలువుకు స్వస్తి చెప్పి జస్టిస్ పార్టీలో చేరారు. చిత్తూరు జిల్లా తరఫున మద్రాసు శాసన మండలికి ఎన్నికయ్యారు. వెనుకబడిన వర్గాలకు చదువులోను, ఉద్యోగాలలోను న్యాయం జరగాలన్నది ఆ పార్టీ ఆశయం. ఆ ఆశయం ఆయనకు నచ్చినా, అధికారంలోకి వచ్చిన పార్టీ నడక నచ్చలేదు. అధికారం కొద్దిమంది చేతులలోనే ఉండిపోతున్నదని భావించిన వారందరూ విడివడి ఐక్య జాతీయ పక్షంగా ఏర్పడగా, ఆయన దానికి నాయకత్వం వహించారు.

1923 ఎన్నికల అనంతరం జస్టిస్ పార్టీ బలం తగ్గినప్పటికీ, పానగల్లు రాజా రామరాయణింగారు మరల ముఖ్యమంత్రి అయ్యారు. రాజావారు కూడా తెలుగువారే. శ్రీకాళహస్తిలో జన్మించినవారే. 1923 నవంబరు 27వ తేదీన రామలింగారెడ్డి గారు ఆ మంత్రివర్గంపై అవిశ్వాస తీర్మానం ప్రవేశపెట్టారు. భారత శాసన సభల చరిత్రలో ఇదే మొదటి అవిశ్వాస తీర్మానమని పలువురు పేర్కొంటారు. మరునాడు ఓటింగు జరిగింది. తీర్మానానికి అనుకూలంగా 44 ఓట్లు, వ్యతిరేకంగా 65 ఓట్లు వచ్చాయి. తీర్మానం వీగిపోయింది. మంత్రివర్గం నిలిచింది. అయినా మంత్రులు గవర్నరు దయవల్ల కాక సభ్యుల విశ్వాసంపై ఆధారపడి పాలించాలనే సంప్రదాయానికి ఆ రెండు రోజుల చర్చ పునాది వేసింది. ఓడిపోయిన తీర్మానం కూడా దేశానికి మేలు చేయగలదనటానికి ఇంతకంటె వేరే నిదర్శనం అక్కరలేదు.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఏ మంత్రివర్గాన్ని దించవలెనని ఆయన తీర్మానం తెచ్చారో, అదే మంత్రివర్గం అధికారంలో ఉండగా ఆయన దానికి మొదటి వైస్ ఛాన్సలరు అయ్యారు. ఇది ఆయన ప్రతిభకూ, ప్రతిపక్షి యోగ్యతను గుర్తించిన ఆనాటి పెద్దల సంస్కారానికీ గుర్తు. విశ్వవిద్యాలయం బెజవాడలో ప్రారంభమైనా, అది ఎక్కడ స్థిరపడాలనే విషయమై జిల్లాల మధ్య తీవ్రమైన పోటీ నడిచింది. చివరకు వాల్తేరులో స్థిరపడింది.

1930లో ఉప్పు సత్యాగ్రహం సాగుతున్నప్పుడు ప్రభుత్వం అనుసరించిన దమననీతికి నిరసనగా రామలింగారెడ్డి గారు తాను పెంచి పోషిస్తున్న విశ్వవిద్యాలయ పదవిని త్యజించారు. ఆయన తరువాత 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆ స్థానాన్ని అలంకరించారు. రాధాకృష్ణన్ గారు 1936లో ఆక్స్‌ఫర్డుకు వెళ్ళినప్పుడు, విశ్వవిద్యాలయ సెనేటు రామలింగారెడ్డి గారినే మరల ఎన్నుకొన్నది. 1949 వరకు ఆయన ఆ బాధ్యత వహించారు. 1942 ఏప్రిల్‌లో విశాఖపట్నంపై జపాను బాంబులు పడగా విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించవలసి వచ్చింది. ఆ కష్టకాలంలో సంస్థను చెదరనీయకుండా కాపాడినవారు ఆయనే.

ఆయన రాజకీయ జీవితంపై విమర్శలు లేకపోలేదు. జస్టిస్ పార్టీలో చేరి విడివడ్డారు. కాంగ్రెసుకు చేరువై, అదే కాంగ్రెసు మంత్రివర్గాల పాలనను విమర్శిస్తూ గ్రంథం రాశారు. ప్రభుత్వంపై నిరసనగా పదవిని వదులుకొన్న వ్యక్తే 1942లో ‘సర్’ బిరుదును స్వీకరించారు. నిలకడ లేని రాజకీయవేత్త అని కొందరు ఆయనను ఆక్షేపించారు. ఆ ఆక్షేపణను పూర్తిగా తోసిపుచ్చటం సాధ్యం కాదు. అయితే ఆయన పార్టీలు మారినా, చదువు అందరికీ అందాలనే విశ్వాసం మాత్రం మారలేదు. అర్థశాస్త్రం వంటి కఠిన విషయాన్ని ఆ రోజులలోనే తెలుగులో గ్రంథంగా వ్రాశారు. 1914లో ‘కవిత్వతత్త్వ విచారము’ వెలువరించి తెలుగు విమర్శకు కొత్త దారి చూపారు. మాతృభాషలో ఏ శాస్త్రాన్నైనా చెప్పవచ్చునని వాదనతో కాక రచనతో నిరూపించారు.

జీవిత చరమాంకంలో ఆయన మైసూరు విశ్వవిద్యాలయానికి ప్రో ఛాన్సలరుగా నియమితులై, యౌవనంలో తాను సేవించిన సంస్థకే తిరిగి చేరుకొన్నారు. ఆజన్మ బ్రహ్మచారిగా జీవించిన ఆ మహనీయుడు 1951 ఫిబ్రవరి 24వ తేదీన పరమపదించారు. ఆ సంవత్సరం అక్టోబరులోనే స్వతంత్ర భారతంలో మొదటి సార్వత్రిక ఎన్నికలు ప్రారంభమయ్యాయి. ఆస్తి, కులం, చదువు, స్త్రీ పురుష భేదం లేకుండా వయోజనులందరూ ఓటు వేసిన ఆ దృశ్యాన్ని చూసే భాగ్యం ఎనిమిది నెలల తేడాతో ఆయనకు దక్కలేదు.

ఒకనాడు బడి గడప దాటనీయని కుటుంబాల బిడ్డలు నేడు ఉపాధ్యాయులై, అధికారులై, ప్రజాప్రతినిధులై ఎదిగారు. ఆ గడపను వెడల్పు చేసిన చేతులలో కట్టమంచి వారి చేయి ఒకటి. వాల్తేరులోని విశ్వవిద్యాలయ సభామందిరం, ఏలూరులోని కళాశాల ఆయన పేరును నిలుపుకొన్నాయి. బెంగుళూరులో తెలుగు మాధ్యమంలో చదువుకొనే ప్రతి బాలుడు, ప్రతి బాలిక ఆయన చరిత్రను తెలుసుకోవటం అవసరం. తమ బిడ్డల చదువు ఎవరి నిర్ణయాలపై ఆధారపడి ఉన్నదో ఆలోచించి ఓటు వేసే తల్లిదండ్రులే ఆ మహనీయునికి నిజమైన నివాళి అర్పించినవారవుతారు.