నార్మన్ హోల్టరు

మానవ హృదయము నిమిషమునకు సుమారు 70 మార్లు కొట్టుకొనును. ఈ లెక్కన ఒక్క దినమున దాని స్పందనములు లక్షకు మించును. పుట్టినది మొదలు విశ్రాంతి యెరుగని యీ అవయవము ఒక్కొక్కప్పుడు గతి తప్పుట కలదు. పొలమున పనిచేయుచున్న మనుష్యుడు కన్నులు తిరిగి హఠాత్తుగా పడిపోవును. వైద్యుని చెంతకు చేరునప్పటికి అతని గుండె యథాప్రకారము కొట్టుకొనుచుండును. పరీక్షలో దోషమేదియు కానరాదు. తెల్లవారిన పిదప ఒక్కమారు వీధి చూచిపోవు కావలివానికి నడిరేయి వచ్చిన దొంగ చిక్కునా? ఈ చిక్కును విడదీసినవాడు వైద్యుడు కాడు. ఆయన నార్మన్ జెఫరిస్ హోల్టరు అను భౌతికశాస్త్రజ్ఞుడు.

హోల్టరు 1914వ సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదీన అమెరికా దేశమునందలి మోంటానా రాష్ట్రములో, హెలీనా పట్టణమున జన్మించెను. ఆయన తాత ఆంటన్ హోల్టరు నార్వే దేశమునుండి వలసవచ్చి, కలప, ఇనుపసామాను వర్తకములతో వృద్ధికి వచ్చినవాడు. మనుమడు మాత్రము శాస్త్రాభ్యాసమునకు పూనుకొనెను. కాలిఫోర్నియాలో రసాయన, భౌతిక శాస్త్రములను రెంటిని అభ్యసించెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికా నౌకాదళముకొరకు సముద్రతరంగములను పరిశోధించెను. 1946లో బికినీ దీవియొద్ద జరిగిన అణుబాంబు పరీక్షలలో తరంగములను కొలుచు బృందమునకు నాయకత్వము వహించెను.

యుద్ధానంతరము ఆయన స్వస్థలమునకు మరలి, 1947లో ఒక పరిశోధనాసంస్థను స్థాపించెను. సముద్రపు అలలను కొలిచిన చేతులు ఇక మానవదేహములోని విద్యుత్తరంగములను కొలువబూనెను.

గుండె కొట్టుకొనునపుడు స్వల్పమైన విద్యుత్తు పుట్టును. దానిని గీతలుగా లిఖించు యంత్రమును ఇరువదవ శతాబ్దారంభముననే నెదర్లాండ్సు దేశీయుడైన ఐంథోవెన్ నిర్మించెను. అందుకు 1924లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను. మనము ఇ.సి.జి. అనునది ఆ విధానమే. అయితే ఆ పరీక్షకు రోగి కదలక మెదలక పడుకొనవలెను. అరనిమిషపు గీతలో దొరకునవి సుమారు 35 స్పందనములు మాత్రమే. తక్కిన లక్ష సంగతి ఏమి? నడచునపుడు, బరువు మోయునపుడు, కోపించినపుడు, నిద్రించునపుడు గుండె యెట్లుండును? మానవుని అతని నిత్యజీవితములోనే పరీక్షింపవలెనని హోల్టరు సంకల్పించెను.

మొదట ఆయన మెదడులోని విద్యుత్తును రేడియోద్వారా దూరమునకు పంపుటకు యత్నించెను. గుండెయందలి విద్యుత్తు అంతకంటె బలమైనది గనుక పిదప దానివైపు మరలెను. ఆనాటి రేడియో గొట్టములు పెద్దవి. వానికి వలయు బ్యాటరీలు మిక్కిలి బరువైనవి. అన్నిటిని కూర్చగా తయారైన సాధనము 85 పౌనులు, అనగా దాదాపు 38 కిలోలు తూగెను! ధాన్యపు మూటను మోసినట్లు హోల్టరు స్వయముగా దానిని వీపున మోసి పరీక్షించెను. హృద్రోగి యెవడు అంత బరువు మోయగలడు? అయినను ఆయన నిరుత్సాహపడలేదు. తిరుగాడు మనుష్యుని హృదయగతిని తెలిసికొనవచ్చునని అప్పటికే రుజువయ్యెను. ఇక మిగిలినది బరువు తగ్గించుటయే.

విల్ఫర్డ్ గ్లాస్‌కాక్ అను సహచరునితో కలసి ఆయన సంవత్సరములతరబడి ఆ పనిలో మునిగెను. ఇంతలో ట్రాన్సిస్టరులు వచ్చినవి. పెద్ద గొట్టములు తొలగి, రేడియోకు బదులుగా చిన్న టేపురికార్డరు చేరెను. మోయరాని మూట వెంట తీసికొనిపోదగిన పెట్టెగా మారెను.

అంతట మరియొక కష్టము తలయెత్తెను. దినమంతయు నమోదైన లక్ష స్పందనములను ఏ వైద్యుడు కూర్చుండి చూడగలడు? హోల్టరు దానికిని ఉపాయము కనుగొనెను. టేపును అరువది రెట్లు వేగముగా నడుపుచు, స్పందనములను ఒకదానిపై నొకటి తెరపై చూపునట్లు ఏర్పాటుచేసెను. గంటసేపటి గుండెగతి ఒక్క నిమిషములో కండ్లయెదుట నడచిపోవును. గతి తప్పిన స్పందనము వరుస తప్పిన బాలునివలె వెంటనే బయటపడును. 1961లో ‘సైన్స్’ పత్రికయందు ఆయన ఈ విధానమును ప్రకటించెను. మరుసటి యేటినుండి యంత్రములు అమ్మకమునకు వచ్చినవి.

1983వ సంవత్సరము జూలై 21వ తేదీన హోల్టరు మరణించెను. నేడు ఆయన పేరే ఆ యంత్రమునకు పేరైనది. రొమ్మున కొన్ని పట్టీలు అతికించి, వానినుండి వచ్చు తీగలను అరచేతిలో ఇముడు పెట్టెకు కలుపుదురు. రోగి దానిని 24 గంటలు, ఒక్కొక్కప్పుడు 48 గంటలు ధరించి, స్నానము మాత్రము మాని, తక్కిన పనులు యథావిధిగా చేసికొనును. దడ పుట్టినను, తల తిరిగినను ఆ వేళను కాగితముపై వ్రాసికొనును. వైద్యుడు ఆ వేళకు యంత్రమేమి లిఖించినదో సరిచూచి, వ్యాధి గుండెలోనిదో కాదో నిర్ణయించును.

విద్యార్థులారా! మీ యింటి పెద్దలలో ఎవరికైనను వైద్యులు ఈ పెట్టె కట్టినచో భయపడకుడు. అది నొప్పి కలిగింపదు. దేహములోనికి విద్యుత్తును పంపదు. గుండె చెప్పుదానిని ఆలకించి వ్రాసికొనును. రోగి సరిగా వేళలు వ్రాసికొనునట్లు మీరు తోడ్పడుడు. ఒక మనుష్యుడు 38 కిలోల బరువును వీపున మోసినందుననే నేడు ఇందరు రోగులకు ఆ భారము తప్పినదని మరువకుడు.